ఆగని రోలరు

ఆసుపత్రి వెనక వీధి,
క్వార్టర్స్, రెండో అంతస్తు.
ఆదివారం.

పిన్నీ,

ఫోను చేస్తే "ఆఁ? ఆఁ?" అనడం తప్ప నువ్వు చేసేదేమీ లేదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. ముప్పై ఏళ్ళ యంత్రాల మోత నీ చెవులు తినేసిందని అమ్మ బాధపడుతుంది గానీ, నాకు ఉత్తరాలే ఇష్టం. అక్క కూతురి గోల ఫోనులో అయితే నువ్వు మధ్యలో ఆపేస్తావు, కాగితం మీద చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

అసలు విషయం. నన్ను ఇన్‌చార్జిని చేశారు! నువ్వు మీ ఆసుపత్రిలో చేసి వచ్చిన ఉద్యోగమే. ఆసుపత్రి బట్టల ఉతుకుశాల మొత్తం నా కింద. నలభై ముగ్గురు మనుషులు, ఆరు ఉతుకు డ్రమ్ములు, మూడు ఇస్త్రీ రోలర్లు. వార్డుల నుంచి మాసిన దుప్పట్లు మూటలు మూటలుగా దిగుతాయి, సాయంత్రానికి మడతలై ఎక్కాలి. నాకు గాజు తలుపున్న చిన్న గది, కుర్చీ, గోడకు గడియారం కూడా ఇచ్చారు. ఆ గడియారమే నా ప్రాణం తీస్తోంది.

ఎందుకంటే రెండో రోలరు నడిచిన దానికంటే ఆగిందే ఎక్కువ. దాని దగ్గర ఒక పొడుగావిడ ఉంది. తడి దుప్పటి అంచు పట్టుకుని రోలరుకు అందించే పని ఆవిడది. పక్కన ఇంకొకామె. ఆమె పొద్దస్తమానం ఏదో ఒకటి పాడుకుంటూ ఉంటుంది, అందరూ కూనిరాగం అనే పిలుస్తారు. కూనిరాగంతో నాకే బాధా లేదు. పొడుగావిడతోనే వచ్చింది తంటా. ఊఁ అంటే తల మీది ఎర్ర తాడు లాగుతుంది, రోలరు ఆగిపోతుంది. మళ్ళీ వేడెక్కి నడవాలంటే పావుగంట. ఈలోగా ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోను, "దుప్పట్లేవీ?" అని. అది పెట్టగానే సూపరింటెండెంటు గారి ఫోను. రోజుకు ఆరేడు సార్లు. నా తల ప్రాణం తోకకు వచ్చింది.

మొన్న ఆవిడకు కొంచెం గట్టిగానే చెప్పాను. తప్పలేదు.

నిన్ను అక్కడ మంచుగడ్డ అనేవారట కదా. ముప్పై ఏళ్ళలో నీ గొంతు లేవడం ఎవరూ వినలేదని అమ్మ గొప్పగా చెబుతుంది. ఆ కిటుకేదో నాకూ చెప్పు. నా సంగతి నీకు తెలుసుగా, ఒళ్ళు మండితే నోటికి తాళం ఉండదు.

నీ
మిరియం

*

మేడ మీది గది,
శుక్రవారం.

మిరియం గారికి,

ఇన్‌చార్జి అయ్యావు కాబట్టి గారు తగిలించాను. వచ్చే ఉత్తరంలో తీసేస్తాను, అలవాటు పడకు.

సంతోషంగా ఉంది. మీ అమ్మ ఈ వార్త ఇప్పటికే వీధి వీధంతా చెప్పి ఉంటుంది.

కిటుకు అడిగావు. పెద్దదేమీ కాదు. కోపం వచ్చినప్పుడు నోరు తెరిచేముందు ఒక దుప్పటి తీసి మడతపెట్టేదాన్ని. ఎనిమిది మడతలు. అంచులు సరిగ్గా కలిస్తే మాట్లాడొచ్చు. వంకరగా వస్తే ఇంకా చేతులు వణుకుతున్నాయన్నమాట, అప్పుడు ఇంకొకటి తీసేదాన్ని. మావాళ్ళు దూరం నుంచి లెక్కపెట్టేవారట. "ఇవాళ ఆవిడ మూడు మడతపెట్టింది, ఎవడికో మూడింది" అని. నాకు కోపం రాదని వాళ్ళెవరూ అనుకోలేదు, మంచుగడ్డ అన్నది దూరపు వాళ్ళు పెట్టిన పేరు.

ఇంకొకటి. ఎవరినైనా ఏదైనా అడగాలంటే కూర్చుని అడుగు. వాళ్ళనీ కూర్చోబెట్టు. నువ్వు గుమ్మంలో నిలబడి అడిగితే నిన్ను తొందరగా పంపించేసే జవాబు చెబుతారు.

ఇక నా ప్రశ్నలు. "కొంచెం గట్టిగా" అన్నావు. ఎంత గట్టిగా? ఏ మాట అన్నావు? ఎవరి ముందు? తాడు ఎందుకు లాగుతున్నావని ఆవిణ్ణి ఒక్కసారైనా అడిగావా? రోలరు పక్కన పనిచేసేవాళ్ళకు తాడు లాగడం సరదా కాదమ్మా. ఆ తాడు లాగి ఆపడం, మళ్ళీ వేడెక్కేదాకా ఆవిరిలో నిలబడటం, పక్కవాళ్ళ విసుగు భరించడం, ఇదంతా వాళ్ళకూ కష్టమే. ఊరికే ఎవరూ చెయ్యరు.

జవాబు రాయి. దాటవెయ్యకు. నువ్వు దాటవేస్తే నాకు తెలిసిపోతుంది, పాలపళ్ళ నుంచీ చూస్తున్నాను.

పిన్ని

*

క్వార్టర్స్,
నెలాఖరు.

పిన్నీ,

నీ కిటుకు ఇక అక్కర్లేదేమో! మూడు వారాలుగా రెండో రోలరు ఒక్కసారి కూడా ఆగలేదు. నిజం, ఒక్కసారి కూడా. పొడుగావిడ తాడు వంక చూడటం కూడా మానేసింది. థియేటర్ వాళ్ళు ఫోను చెయ్యడం మర్చిపోయారు. సూపరింటెండెంటు గారు మీటింగులో నా పేరెత్తి మరీ మెచ్చుకున్నారు. "క్రమశిక్షణ అంటే ఇదీ" అన్నారు.

ఇప్పుడు నేను హాల్లోకి అడుగుపెడితే ఎవరూ కిక్కురుమనరు. అందరి తలలూ కిందికే. కూనిరాగం కూడా నేను దాటిపోయేదాకా పాట ఆపేస్తుంది. ఇదివరకు ఉన్న ఇన్‌చార్జి వస్తే కబుర్లాడుతూనే ఉండేవారట. భయమూ భక్తీ లేకపోతే పని ఎలా నడుస్తుంది చెప్పు.

నీ ప్రశ్నలన్నీ చదివాను. అంత గుచ్చిగుచ్చి అడగాల్సినంత ఏమీ జరగలేదు. ఒక మాట అన్నాను, పని జరిగింది. అంతే. నువ్వు నీ పద్ధతిలో చేశావు, నేను నా పద్ధతిలో చేస్తున్నాను. ఫలితం ఒకటే కదా.

అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. నీ చెవుల సంగతి ఏమన్నారు డాక్టరు?

మిరియం

*

మేడ మీది గది,
బుధవారం.

అమ్మా,

నా చెవుల సంగతి తర్వాత.

ముప్పై ఏళ్ళలో మూడు వారాల పాటు ఒక్కసారి కూడా ఆగని రోలరు నేను చూడలేదు. అది బాగుపడిందని కాదు, నీకు చెప్పడం మానేశారని.

ఉత్తరం అందిన రోజే వెళ్ళు. రోలరు ముందు అడ్డుకడ్డీ ఉంటుంది చూడు, దుప్పటి అందించేచోట, వేళ్ళు తగిలితే రోలరు ఆగిపోవడానికి పెట్టేది. అది నీ చేత్తో నొక్కి చూడు. మెకానిక్కును పంపడం కాదు, నువ్వే నొక్కు. తర్వాత ఆ పొడుగావిణ్ణి కూర్చోబెట్టి అడుగు. మధ్యలో మాట్లాడకు. ఆవిడ ఊరుకున్నా నువ్వూ ఊరుకో. చెబుతుంది.

నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. ముందు వెళ్ళు.

పిన్ని

*

క్వార్టర్స్,
సోమవారం.

పిన్నీ,

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

శనివారం పదకొండింటప్పుడు హాల్లోంచి కేక వినిపించింది. నేను గదిలో ఉన్నాను. నేను వెళ్ళేసరికి రెండో రోలరు ఆగి ఉంది, పొడుగావిడ తాడు పట్టుకుని వేలాడుతోంది. కూనిరాగం కుడిచెయ్యి లోపల ఉంది. మణికట్టు దాకా. ఆమె కేకలు పెట్టడం లేదు, నోరు తెరిచి ఉంది అంతే. కేక పెట్టింది పొడుగావిడ. రోలరు వెనక్కి తిప్పి చెయ్యి బయటికి తియ్యడానికి ఏడు నిమిషాలు పట్టింది. ఆ ఏడు నిమిషాలూ నేను ఆమె రెండో చెయ్యి పట్టుకుని ఉన్నాను. అది నా చేతిని పట్టుకోలేదు. ఊరికే ఉంది.

ఆదివారం పొద్దున్న ఆ చెయ్యి మణికట్టు పైదాకా తీసేశారు.

అడ్డుకడ్డీ పాత దుప్పటి పేలికతో వెనక్కి కట్టేసి ఉంది, వేళ్ళు దానికి తగిలే వీల్లేదు. ఆ కడ్డీ చాలా రోజులుగా బిగుసుకుపోతోందట. దుప్పటి మడత తగిలినా దిగబడి, దుప్పటికి అడ్డంగా ఇరుక్కునేదట. అలా ఇరుక్కున్నప్పుడల్లా పొడుగావిడ తాడు లాగి, రోలరు ఆపి, కడ్డీని సరిచేసేది. నేను సోమరితనం అనుకున్నది అది. నేను అరిచాక తాడు లాగకుండా ఉండాలంటే ఆవిడకు ఒక్కటే దారి కనిపించింది, కడ్డీని కట్టేయడం. ఆవిడా కూనిరాగమూ కలిసే కట్టారట.

నువ్వు అడిగిన ప్రశ్నలకు ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఎంత గట్టిగా అంటే డ్రమ్ములు తిరుగుతుండగా హాలు చివరిదాకా వినపడేంత. ఎవరి ముందు అంటే నలభై ముగ్గురి ముందూ. ఏ మాట అంటే, "ఆ తాడు ఇంకొక్కసారి లాగావంటే అదే తాడు పట్టుకుని ఇంటికి పో. నీ బదులు నిలబడటానికి గేటు బయట వంద మంది ఉన్నారు." ఎందుకు లాగుతున్నావని అడగలేదు. ఆవిడ "అమ్మా, కడ్డీ..." అని మొదలుపెట్టింది. "కడ్డీ లేదు, గిడ్డీ లేదు" అన్నాను. కొందరు నవ్వారు. అది నాకు బాగుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నీ ఉత్తరం మంగళవారమే అందింది. చదివి ఒళ్ళు మండిపోయింది. మెచ్చుకోకపోగా నన్ను ఇంకా చిన్నపిల్లను చేసి మాట్లాడుతోందని. సొరుగులో పడేశాను. మంగళ, బుధ, గురు, శుక్ర. నాలుగు రోజులు. కడ్డీ నా గదికి ముప్పై అడుగుల దూరంలో ఉంది.

వచ్చేవారం విచారణ కమిటీ వస్తోంది. సూపరింటెండెంటు గారు తలుపు వేసి కూర్చోబెట్టి చెప్పారు. "ఫిర్యాదుల పుస్తకం ఖాళీగా ఉంది. కడ్డీ చెడిందని ఎవరూ రాయలేదు. పైగా వాళ్ళే కట్టేశారు. నువ్వు అదే ఒక్క పేజీ రాసివ్వు, చాలు." రాసిస్తే పొడుగావిడ ఉద్యోగం పోతుంది. నేను మిగులుతాను. ఆయన చెప్పింది ఒక్కటీ అబద్ధం కాదు, అదే భయంగా ఉంది.

ఏం చెయ్యను పిన్నీ? నువ్వైతే ఏం చేసేదానివి?

మిరియం

*

మేడ మీది గది,
గురువారం.

అమ్మా,

నేనైతే ఏం చేసేదాన్నని అడిగావు. ఏం చేశానో చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

నేను ఇన్‌చార్జినైన నాలుగో ఏడు. అప్పటికి నాకు దుప్పట్లు మడతపెట్టే అలవాటు లేదు. నీకంటే పెద్ద నోరు నాది. మా దగ్గర బాయిలర్ చూసే మనిషి ఉండేవాడు, ఆవిరాయన అనేవాళ్ళం. నలభై అయిదేళ్ళుంటాయి. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. కూర్చోమంటే కూర్చునేవాడు, లేవమనేదాకా లేచేవాడు కాదు.

ఒకరోజు పొద్దున్నే రెండు డ్రమ్ములు చెడిపోయాయి. ఒక ఫోను చెవి దగ్గర, ఒకటి బల్ల మీద మోగుతోంది. ఆవిరాయన తలుపు తీసి, "అమ్మా, ఒక్క మాట" అన్నాడు. "తర్వాత" అన్నాను. కాసేపటికి మళ్ళీ వచ్చాడు. "అమ్మా, కొంచెం ఇంటికి..." అన్నాడు. నేను చేతిలో ఉన్న రిజిస్టరు బల్ల మీద విసిరికొట్టాను. "కళ్ళు కనిపించడం లేదా? ఇవాళే దొరికిందా నీకు ఇంటికి పోవడానికి? బయట కూర్చో. నేను పిలిచేదాకా ఈ గుమ్మం తొక్కావో చూడు."

సరేనమ్మా అన్నాడు. తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

మెకానిక్కు వచ్చి, డ్రమ్ములు కదిలి, నాకు ఊపిరి తిరిగేసరికి నలభై నిమిషాలు. అప్పుడు గుర్తొచ్చి తలుపు తీశాను. బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. తల గోడకు ఆనించి, ఒళ్ళో టిఫిను డబ్బా పెట్టుకుని. ఇంటికి పోవడానికి సిద్ధమై వచ్చాడన్నమాట. ఎడమచేత్తో చొక్కా గుండె దగ్గర పట్టుకుని ఉన్నాడు. చెయ్యి చల్లగా ఉంది.

ఆసుపత్రి గుమ్మం ఆ బెంచీకి వంద అడుగులు. రోజంతా డాక్టర్లు అటూ ఇటూ తిరిగే చోటు.

నన్నెవరూ ఏమీ అనలేదు. ఆయన నా గదికి వచ్చాడని ఎవరికీ తెలియదు, యంత్రాల మోతలో ఎవరికి వినపడుతుంది? "నాకొక్క మాట చెప్పి ఉంటే వెంటనే పంపేదాన్ని కదా" అన్నాను. అందరి ముందూ అన్నాను. వాళ్ళావిడ ముందు అన్నాను. ఆవిడ నా చేతులు పట్టుకుని, "మొండి మనిషమ్మా, ప్రాణం పోతున్నా నోరు విప్పడు" అని ఏడ్చింది. ఆ మాట ఆయనకు నేనిచ్చిన పేరు. అందరికంటే చెప్పిన మాట వినే మనిషికి మొండివాడని పేరు తెచ్చిపెట్టాను.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు నేను గొంతు ఎత్తలేదు. దాన్ని ఓర్పు అన్నారు. రిటైరయిన రోజు శాలువా కప్పి, కొత్తగా చేరినవాళ్ళకు నన్ను చూపించి, "కోపాన్ని గెలిచిన మనిషి" అన్నారు. గెలవడం ఏమిటి? ఎవరైనా తలుపు తీసి "అమ్మా, ఒక్క మాట" అంటే చాలు, ఉలిక్కిపడి చేతిలోది వదిలేసేదాన్ని. వెంటనే లేచి నిలబడేదాన్ని. వాళ్ళు దాన్ని మర్యాద అనుకున్నారు.

ఓర్పు మంచిదే. దానివల్ల మా హాల్లో చిన్న చిన్న తప్పులు నా దాకా వచ్చేవి, పెద్దవి కాకముందే. అది నిజం. కానీ ఆ ఓర్పు వెనక నేనొక నిజాన్ని దాచుకున్నాను. అది ఓర్పు కాదు, పిరికితనం.

ఆ ఒక్క పేజీలో ఏం రాస్తావో నీ ఇష్టం. రాయమనడానికీ వద్దనడానికీ నాకు నోరు లేదు. నేనెలా బతికానో చెప్పాను. బాగానే తిన్నాను, బాగానే పడుకున్నాను. నాలాగా బతకొచ్చు. బతకమని మాత్రం చెప్పలేను.

పిన్ని

*

క్వార్టర్స్,
కమిటీ మర్నాడు.

పిన్నీ,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను. దాని గురించి ఇప్పుడేమీ రాయలేను. నీ మీద కోపం వచ్చింది, జాలీ వచ్చింది, మళ్ళీ కోపం వచ్చింది. కాబట్టి ఊరుకుంటాను.

నిన్న కమిటీ కూర్చుంది. ముగ్గురు. పొడుగావిణ్ణి గోడ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. సూపరింటెండెంటు గారు ఫిర్యాదుల పుస్తకం తెరిచి ఖాళీ పేజీలు తిప్పి చూపించారు. కమిటీలో పెద్దాయన, "దీని మీద మీరేమంటారు?" అని నన్ను అడిగారు.

"ఆ పుస్తకం ఖాళీగా ఉండటానికి కారణం నేనండీ" అన్నాను.

"అంటే?"

"ఆవిడ చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు."

"బెదిరించారా?"

"బెదిరించాను."

"ఏమన్నారు?"

అన్నది అన్నట్టు చెప్పాను. తాడు మాట, గేటు బయట వంద మంది మాట, కడ్డీ గిడ్డీ మాట. నాలుగు గోడల మధ్య, డ్రమ్ముల మోత లేకుండా, మామూలు గొంతుతో చెబుతుంటే అవి ఎంత నీచంగా ఉన్నాయో అప్పుడు తెలిసింది. నీ ఉత్తరం నాలుగు రోజులు సొరుగులో పెట్టానని కూడా చెప్పాను. కమిటీలో రాసుకుంటున్న ఆమె కలం ఆపి నా వంక చూసింది. పొడుగావిడ మాత్రం చూడలేదు. కిటికీ వంకే చూస్తూ ఉంది.

బయటికి రాగానే వరండాలో సూపరింటెండెంటు గారు నన్ను పట్టుకున్నారు. నర్సులు, రోగుల బంధువులు, అందరి ముందూ. "నీతిమంతురాలివా? నన్ను ముంచాలనే ఈ నాటకమా? నిన్నా కుర్చీలో కూర్చోబెట్టింది నేను" అని ఎంత మాట పడితే అంత మాట అన్నారు. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది పిన్నీ. రోజుకు ఆరేసి ఫోన్లు చేసిందెవరు, క్రమశిక్షణ అని మెచ్చుకుందెవరు. నాలుక చివరిదాకా వచ్చింది. "మీరు చెప్పడం అయ్యాక నేను చెబుతాను" అన్నాను. ఆయన ఇంకా అరిచారు. నేను నిలబడ్డాను. చివరికి ఆయనకే ఆయాసం వచ్చింది. అప్పుడు, "మిగతా రెండు రోలర్ల కడ్డీలు నేనే నొక్కి చూశాను సార్, అవీ బిగుసుకుపోతున్నాయి. ఇవాళే ఆపించాలి. మీ సంతకం కావాలి" అన్నాను.

సంతకం పెట్టారు. అటూ ఇటూ చూసి, కాగితం చదవకుండానే పెట్టారు. అప్పుడు తెలిసింది, ఆయనకూ భయమేనని.

నన్ను మెచ్చుకోకు. నిన్న చూపించిన ఓర్పులో సగం ఆ రోజు ఉంటే చాలేది.

మిరియం

*

క్వార్టర్స్,
రెండు నెలల తర్వాత.

పిన్నీ,

జవాబు లేదు. అమ్మనడిగితే బాగానే ఉన్నావంది. నా మీద కోపమైతే తిట్టు, ఊరుకోకు.

కమిటీ తీర్పు వచ్చింది. నన్ను తీసెయ్యలేదు. నా ఫైలులో మచ్చ పడింది, ఇక పైకి పోయేది లేదు. ఈ కుర్చీలోనే కూర్చోవాలి, ఆ హాలునే రోజూ చూడాలి. తీసేస్తే బాగుండేదని కొన్ని రోజులు అనిపిస్తుంది. కడ్డీలన్నీ మార్చారు. పొడుగావిడ తప్పేమీ లేదని కాగితం ఇచ్చారు.

ఆ కాగితం చేతికొచ్చిన మర్నాడే ఆవిడ ఉద్యోగం మానేసింది.

వాళ్ళింటికి వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు, గుమ్మంలోనే నిలబెట్టింది. రమ్మని బతిమాలాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. నేనూ ఊరుకున్నాను. అప్పుడు చెప్పింది. "మీరు నిజం చెప్పారు, మీ బాధ తీరింది. నేను ముప్పై నాలుగు రోజులు ఆమె పక్కన నిలబడ్డానమ్మా. రోజూ పొద్దున్నే ఆ పేలిక ముడి బిగించింది నేను. చెప్తే ఏమవుతుంది, ఉద్యోగం పోతుంది, అంతే కదా. ఇప్పుడూ పోయింది. అదేదో అప్పుడే పోగొట్టుకుని ఉండాల్సింది." తలుపు వేసుకుంది.

ఆవిడ పాపం నాది పిన్నీ. నా వాటా నేను తీసుకున్నా ఆవిడ వాటా తగ్గలేదు.

కూనిరాగాన్ని వారానికి రెండుసార్లు చూసి వస్తున్నాను. మొదట్లో గోడ వైపు తిరిగి పడుకునేది. మొన్న నేను వెళ్ళేసరికి ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం నేర్చుకుంటోంది. సాయం చెయ్యబోతే వద్దంది. కాసేపటికి తనే అంది, "మీరు ఆవిణ్ణి తిట్టిన రోజు నేను నవ్వాను, తెలుసా? నన్ను కాదు కదా అని." మళ్ళీ చెంచా అందుకుంది. పాట లేదు. నర్సునడిగితే, ఆమె పాడుతుందా అని ఆశ్చర్యపోయింది.

హాల్లో ఇంకా నేను వెళ్తే తలలు కిందికే. ఆ నిశ్శబ్దాన్ని ఒకప్పుడు భక్తి అనుకున్నాను. ఇప్పుడు దాని మధ్యలోంచి నడిచి వెళ్ళి, ఒక్కొక్కరి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. "ఏమైనా ఉందా?" అంటాను. "ఏమీ లేదమ్మా" అంటారు. మర్నాడు మళ్ళీ వెళ్తాను. యాభై రోజులు ఆ "ఏమీ లేదమ్మా"నే విన్నాను. విసుగు రాలేదని చెప్పను. మొన్న గురువారం మడతల బల్ల దగ్గర పనిచేసే ముసలామె, నా వంక చూడకుండా, "నాలుగో డ్రమ్ము తలుపు గొళ్ళెం వదులైంది" అంది. అని వెంటనే బిక్కచచ్చిపోయింది, ఎందుకన్నానా అని. అప్పుడే థియేటర్ వాళ్ళు ఫోనులో ఉన్నారు. ఫోను పెట్టేసి డ్రమ్ము ఆపించాను. ఆ పూట దుప్పట్లు ఆలస్యమయ్యాయి. సూపరింటెండెంటు గారితో మాట పడ్డాను. ఆ ముసలామెతో ఏమీ అనలేదు. ఏమైనా అంటే ఏడ్చేసేదాన్నేమో.

ఉత్తరం రాయి. తిడుతూ అయినా సరే.

మిరియం

*

మేడ మీది గది,
ఆదివారం.

అమ్మా,

నీ మీద కోపం కాదు. ఒక పని పెట్టుకున్నాను, అది అయ్యేదాకా నీకు రాయకూడదనుకున్నాను. ధైర్యం కూడగట్టుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఆవిరాయన భార్య దగ్గరికి వెళ్ళాను. కూతురి దగ్గర ఉంటోంది. డెబ్భై దాటాయి. నన్ను చూడగానే గుర్తుపట్టింది. ఎంత సంతోషపడిందో. కుర్చీ తనే తెచ్చి వేసింది. ఆ సంతోషం చూసి లేచి వచ్చేద్దామనుకున్నాను. కానీ నువ్వు ఆ ముగ్గురి ముందూ నీ మాటలు నీ నోటితో చెప్పావు. నీకంటే ముప్పై అయిదేళ్ళు పెద్దదాన్ని.

చెప్పాను. ఆయన మొదటిసారి తలుపు తీయడం, రెండోసారి తీయడం, రిజిస్టరు, బెంచీ, అన్నీ.

ఆవిడ విన్నది. తర్వాత ఒక్కటే అడిగింది. "ఎంతసేపు కూర్చున్నాడు?"

"నలభై నిమిషాలు" అన్నాను.

అప్పుడు మొదలుపెట్టింది. నేను ఊహించుకున్న తిట్లు కావవి. "ముప్పై ఏళ్ళుగా ఆ మనిషిని తిట్టుకుంటున్నానండీ. ఒక్క మాట చెప్పలేకపోయావా, నోరు పడిపోయిందా, నన్నూ పిల్లనూ ఇలా వదిలేసి పోతావా అని. ఫోటో ముందు నిలబడి మరీ తిట్టాను. పిల్లకు కూడా అదే చెప్పి పెంచాను, మీ నాన్నలా నోరు మూసుకుని ఉండకే అని. అడిగాడా ఆయన? రెండుసార్లు అడిగాడా? మరి నేనిప్పుడు ఆయనకు ఎలా చెప్పుకోను? మీరు చెప్పేసి పోతారు. నేనెవరికి చెప్పుకోను?"

నాకు అన్నీ వినపడలేదు. నా చెవుల సంగతి తెలుసుగా. కానీ ఆవిడ పెదవులు కదులుతున్నంతసేపూ చూస్తూ కూర్చున్నాను. పొరపాటైపోయిందని అనాలనిపించింది. ఆ రోజు నా మీద ఎంత ఒత్తిడి ఉందో చెప్పాలనిపించింది. ఎన్ని రోజులు నిద్ర పట్టలేదో, ఆ తర్వాత నేనెంత మారానో, అన్నీ గొంతు దాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంత కష్టపడి నోరు మూసుకున్న రోజు ఇంకొకటి లేదు.

ఆవిడ అలిసిపోయి, "ఇంకెప్పుడూ రాకండి" అంది. సరేనన్నాను.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోబోతే చేతులు వణికి పట్టీ దూరలేదు. రెండుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లు ప్రయత్నించాను. ఆవిడ తలుపు పట్టుకుని చూస్తూ ఉంది, నేను పోతే వేసుకుందామని. చివరికి విసుక్కుంటూ మోకాళ్ళు పట్టుకుని కిందికి కూర్చుంది. పట్టీ దూర్చి పెట్టింది. రెండోది కూడా పెట్టింది. నా మొహం వంక చూడలేదు. గోడ పట్టుకుని లేచి, లోపలికి పోయి తలుపు గడియ వేసుకుంది.

పిన్ని